రీసెట్ కొట్టేముందు రాసుకున్నావా?

పొద్దున్నే అయిదూ పదికి ఊర్నుంచి ఫోన్ మోగితే ఎవరికైనా గుండె జారిపోద్ది, అందులోనూ అక్కడ అమ్మానాన్నా ఇద్దరే ఉంటున్నప్పుడు. హైదరాబాద్‌లో మంచం మీంచి లేవకుండానే ఫోనెత్తి "ఏమైంది నాన్నా" అన్నా. ఆయన చాలా ప్రశాంతంగా "ఏం కాలేదురా, నీ సైరన్ వీధి మొత్తాన్ని లేపింది, ఇక మన పేటలో కోళ్ళతో పనిలేదు" అన్నాడు. వెనకాల అమ్మ గేటు దగ్గర ఎవరికో సర్దిచెప్తోంది, దొంగలు కాదండీ, పాల పాకెట్ల కోసం తలుపు తీశారంతే అని.

తెనాలిలో మా ఇల్లు పాతది, వీధిలో సగం ఇళ్ళకి తాళాలే, పిల్లలందరూ ఎక్కడెక్కడో ఉన్నారు. రెండు వీధుల అవతల ఒకళ్ళు పెళ్ళికెళ్ళొచ్చేసరికి బీరువా ఖాళీ అయ్యిందని తెలిసాక నేనే పట్టుబట్టి అలారం పెట్టించా. ఇంట్లో ఎనిమిది చోట్లని విడివిడిగా కనిపెట్టే ఎనిమిది జోన్ల ప్యానెల్, గోడ మీద కీప్యాడ్, కరెంటు పోయినా నడవడానికి లోపల 12 వోల్టుల బ్యాటరీ, మేడ మీద సైరన్. అక్కడితో ఆగొచ్చు కదా, ఆగలేదు. ఒక రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ మీద, ఇంట్లో పరికరాలన్నిటినీ కలిపి నడిపే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్ వేసి, ఆ ప్యానెల్‌తో మాట్లాడే ప్లగిన్ ఒకటి దొరికితే అదీ ఎక్కించి, రాత్రి పదిన్నరకి దానంతటదే ఆర్మ్ అయ్యేట్టు, అంటే కాపలా మొదలెట్టేట్టు, పొద్దున అయిదింటికి డిసార్మ్ అయ్యేట్టు, అంటే కాపలా ఆపేట్టు, ఆటోమేషన్ రాసా. ఆ ప్లగిన్ రాసింది కంపెనీ కాదు, ఎవరో ఒకాయన ఖాళీ టైంలో రాసి ఊరికే ఇచ్చాడు. ఎనిమిది నెలలు చీమ చిటుక్కుమనకుండా నడిచింది. సంక్రాంతి తర్వాత మూడు వారాల్లో నాలుగు సార్లు, నాన్న తలుపు తియ్యగానే సైరన్. మిగతా రోజులు శుభ్రంగా పనిచేస్తుంది. ఇలా అప్పుడప్పుడూ వచ్చే జబ్బులకంటే రోజూ చెడిపోయేదే నయం, కనీసం పట్టుకోవడం సులువు.

మొదటిసారి నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. ఇక్కణ్ణుంచే లాగిన్ అయ్యి రీస్టార్ట్ కొట్టా. మర్నాడు పొద్దున బానే పనిచేసింది, "అయిపోయింది నాన్నా, సెట్ చేసేశా" అని గొప్పగా చెప్పా. తర్వాతి వారం మళ్ళీ మోగింది. ఈసారి ప్యానెల్ బిగించినాయన్ని అడిగితే "రీసెట్ కొట్టండి సార్, అదే సెట్ అయిపోద్ది" అన్నాడు. కొట్టాం. సెట్ అయిపోయినట్టే కనపడింది. అప్పుడు లాగ్, అంటే హోమ్ అసిస్టెంట్ జరిగిందంతా రాసుకునే చిట్టా, చూద్దామని ఫైలు తెరిస్తే రీస్టార్ట్ దగ్గర్నుంచే మొదలవుతోంది. నా దాంట్లో రీస్టార్ట్ అయినప్పుడల్లా పాత లాగ్ పక్కకి జరిగి చివర డాట్ వన్ తగిలించుకుంటుంది, కొత్త ఫైలు మొదలవుతుంది. ఇంకోసారి రీస్టార్ట్ చేస్తే ఆ డాట్ వన్ మీద ఇది వచ్చి కూర్చుంటుంది. నేను ధైర్యం కోసం రెండుసార్లు కొట్టా. అంటే సైరన్ ఎందుకు మోగిందో చెప్పగలిగిన ఒకే ఒక్క సాక్షిని నా చేత్తో నేనే పంపించేశా.

ఈ సంగతి నాన్నకి చెప్తే ఆయన నవ్వలేదు, తిట్టినంత పని చేసాడు. ఆయన రిటైరయ్యింది సబ్‌స్టేషన్ ఆపరేటర్‌గా. 33/11 కేవీ సబ్‌స్టేషన్లో ముప్ఫయ్యేళ్ళ చిల్లర, ఉద్యోగంలో చేరినప్పుడు ఇంకా ఏపీఎస్ఈబీయే, అంటే రాష్ట్ర విద్యుత్ బోర్డే, 1999లో బోర్డుని విడగొట్టాక కంపెనీల పేర్లు మారాయి గానీ ఆయన కూర్చున్న కుర్చీ మారలేదు. గంటగంటకీ వోల్టేజీ, ఏ ఫీడర్ మీద, అంటే ఊళ్ళోకెళ్ళే ఏ లైన్ మీద, ఎన్ని ఆంపియర్లు, అన్నీ లాగ్ షీట్లో చేత్తో రాయాలి. ఫీడర్ ట్రిప్ అయితే ముందు రిలే ప్యానెల్ దగ్గరికెళ్ళి ఏ ఫ్లాగ్, అంటే కారణం చెప్పే రేకు ముక్క, పడిందో చూడాలి, ఓవర్ కరెంటా, ఎర్త్ ఫాల్టా, ఏ ఫేజు, టైమెంత, అది పుస్తకంలోకి ఎక్కాకే ఫ్లాగ్ రీసెట్ చెయ్యాలి. రీసెట్ చేస్తే ఆ చిన్న రేకు ముక్క మళ్ళీ పైకెళ్ళిపోద్ది, ఇక ఏం జరిగిందో దేవుడికి తప్ప ఎవరికీ తెలీదు. లైన్ మీదకెళ్ళే కుర్రాడు దేనికోసం వెతకాలి, తెగిన వైరు కోసమా, చెట్టు కొమ్మ కోసమా? "రీసెట్ కొట్టేముందు రాసుకున్నావా?" అని నాన్న అడిగాడు. రాసుకోలేదు. "మరి నువ్వేం ఇంజనీరువిరా" అన్నది మనసులో అనుకున్నాడో పైకే అన్నాడో ఇప్పుడు గుర్తులేదు, వినపడింది మాత్రం నిజం.

నా గొడవంతా ఇక్కడే. మనకి "ఆఫ్ చేసి ఆన్ చెయ్యండి" అనేది చిట్కా స్థాయి దాటిపోయి శాస్త్రం అయిపోయింది. సెట్‌టాప్ బాక్స్‌కి ఫర్లేదు, దాని వల్ల పోయేదేముంది, సీరియల్ పది నిమిషాలు. ఇంటికి కాపలా పెట్టిన మెషిన్ తప్పు చేసినప్పుడు అది ఎందుకు చేసిందో తెలుసుకోకుండా మళ్ళీ లేపి నిలబెట్టడం అంటే, నిద్రపోతూ దొరికిన వాచ్‌మన్ మొహాన నీళ్ళు కొట్టి మళ్ళీ అదే గేటు దగ్గర కూర్చోబెట్టడం. రాత్రి ఎందుకు పడుకున్నాడో, మందు తాగాడో, జ్వరమో, రెండు డ్యూటీలు చేస్తున్నాడో, అదేం అక్కర్లేదా మనకి?

సరే, మూడోసారికి నేను తయారుగా ఉన్నా. హోమ్ అసిస్టెంట్లో రీస్టార్ట్ అక్కర్లేకుండానే ఒక్క ప్లగిన్ వరకే లాగ్ లెవెల్, అంటే ఎంత వివరంగా రాయాలన్నది, పెంచొచ్చు, లాగర్ సెట్ లెవెల్ అని ఒక యాక్షన్ ఉంటుంది, ఇది చాలామందికి తెలీదు, ఫైలు మార్చి రీస్టార్ట్ చేస్తారు, ఆ రీస్టార్ట్‌తో జబ్బు కాసేపు మాయమైపోతుంది, డాక్టర్ దగ్గరికెళ్ళగానే జ్వరం తగ్గిపోయినట్టు. డీబగ్, అంటే అన్నీ వివరంగా రాసే లెవెల్, ఆన్ చేసా. ఒక్కసారిగా వరద. ప్యానెల్‌కీ ప్లగిన్‌కీ మధ్య పోయే ప్రతి ముక్కా రాస్తోంది, బతికే ఉన్నావా, ఉన్నా, బతికే ఉన్నావా, ఉన్నా, రోజంతా ఇదే సంసారం. ఎస్‌డీ కార్డు మీద ఇన్ని రాతలు వారాల తరబడి మంచిది కాదు, కాబట్టి పని కాగానే తగ్గించెయ్యాలి. ఇంకోటి, ఈ ఫైలు ప్లగిన్ రాసినాయనకి పంపిద్దామని అటాచ్ చెయ్యబోతూ ఎందుకో ఒకసారి వెతికితే మా డిసార్మ్ కోడ్ నాలుగంకెలూ అందులో పబ్లిగ్గా కూర్చుని ఉన్నాయి. తాళంచెవిని కొరియర్ చేసినట్టే అయ్యుండేది. డీబగ్ లాగ్ ఎవరికైనా పంపేముందు మీ కోడ్ ఆ ఫైల్లో ఉందేమో వెతికి చూసుకోండి, బతిమాలుతున్నా.

మూడో సైరన్ మోగింది. ఫోన్ పెట్టేసి, దేన్నీ ముట్టుకోకుండా, ముందు ఫైలు కాపీ తీసి దాచుకున్నా. తర్వాత తెరిచి సరిగ్గా అయిదింటి దగ్గరికి వెళ్ళా. 05:00:00, డిసార్మ్ కమాండ్ సెంట్. అంతే, పక్కన ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. ఆటోమేషన్ ట్రేస్, అంటే అది ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు నడిచిందో చూపించే రికార్డు, చూస్తే అక్కడా అన్నీ ఓకే, ప్రతి మెట్టూ దాటినట్టే ఉంది. ఈ ట్రేసులు మామూలుగా ఒక్కో ఆటోమేషన్‌కి ఆఖరి అయిదే ఉంటాయి, నాది రోజుకొకటి కాబట్టి అయిదు రోజుల్లోపు చూసుకోకపోతే అవీ పోతాయి. అన్నిటికంటే విచిత్రం, ఆ పొద్దున లాగ్ మొత్తం కింద దాకా చదివినా సైరన్ మోగినట్టు ఎక్కడా లేదు. వీధంతా విన్న సైరన్ మా లాగ్‌కి మాత్రం వినపడలేదు.

ఇక్కడ నేను చాలామంది చేసే తప్పే చేసా. ప్లగిన్ పంపానంటోంది, ప్యానెల్ తియ్యలేదు, కాబట్టి తప్పు ప్యానెల్‌దే అని తీర్పు చెప్పేసి కొత్త నెట్‌వర్క్ మాడ్యూల్ రేటు కూడా చూసేశా. ఒకడి మాటే విని ఇచ్చే తీర్పుని రచ్చబండ మీద కూడా ఎవరూ ఒప్పుకోరు, నేను మాత్రం కంప్యూటర్ చెప్పింది కదా అని ఒప్పేసుకున్నా. అసలు "పంపాను" అనే మాటలో ఉంది కిటుకంతా. "ఆయనకి చెప్పానండీ" అని మన ఆఫీసుల్లో అంటారు చూడండి, ఆయన విన్నాడా, ఒప్పుకున్నాడా, చేసాడా అన్నది ఆ మాటలో ఉండదు.

రెండో పక్షం మాట వినాలి కదా. ప్యానెల్‌కి సొంత ఈవెంట్ చిట్టా ఒకటి ఉంది, అమ్మ చేత కీప్యాడ్ బటన్లు నొక్కించడం కష్టమని ఇక్కణ్ణుంచే దాని వెబ్ పేజీలోంచి తీసుకున్నా. అందులో మాటలుండవు, కాంటాక్ట్ ఐడీ అని చాలా అలారం కంపెనీలు వాడే పాత పద్ధతి, అంతా అంకెలే. 130 అంటే దొంగతనం అలారం, 301 అంటే కరెంటు పోయింది, 302 అంటే బ్యాటరీ వీక్, 401 అంటే ఆర్మ్ లేదా డిసార్మ్. ముందు ఒకటి ఉంటే కొత్తగా జరిగిందని, మూడు ఉంటే మామూలైందని. 401కి మాత్రం మనకి ఉల్టాగా అనిపిస్తుంది, ఒకటి ఉంటే డిసార్మ్, మూడు ఉంటే ఆర్మ్. ఎందుకంటే ఇది దుకాణాల కాలం నాటి ఆలోచన, తెరిచారు మూసారు అని. షాపు తెరవడమే వార్త, మూసెయ్యడం మామూలైపోవడం. ఇది తెలీక ఒక గంట నేను రాత్రి పదిన్నరకి డిసార్మ్ అయ్యి పొద్దున ఆర్మ్ అవుతోందేమో అని గోడకేసి తల కొట్టుకున్నా.

ఇంకో గంట టైం మింగేసింది. అయిదింటి దగ్గర చూస్తే ప్యానెల్ చిట్టాలో ఏమీ లేదు, ఆ తారీఖులో పొద్దున మొత్తం ఖాళీ. చివరికి వెలిగింది, ప్యానెల్ గడియారం యూటీసీలో, అంటే మనకంటే అయిదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో, నడుస్తోంది. మన అయిదు గంటలు దానికి ముందు రోజు రాత్రి 23:30. తారీఖే వేరు! మన రాత్రి పదిన్నర దానికి సాయంత్రం 17:00. అయిదున్నర గంటలు వెనక్కి జరిగి చూస్తే అన్నీ వరసగా కూర్చున్నాయి. రెండు లాగులు పక్కపక్కన పెట్టేటప్పుడు మొదట చెయ్యాల్సింది రెండిట్లోనూ ఖచ్చితంగా తెలిసిన సంఘటన ఒకటి పట్టుకుని గడియారాలు కలపడం, మిగతావన్నీ తర్వాత. నేను రాత్రి ఆర్మ్ అయిన లైనుతో కలిపా. రాస్ప్‌బెర్రీ పై 4కి అయితే కరెంటు లేకపోయినా నడిచే గడియారమే లేదు, కరెంటు పోయి వస్తే ఇంటర్నెట్ దొరికేదాకా పాత టైమే పట్టుకుని రాసుకుంటూ పోతుంది, మా ఊళ్ళో కరెంటు సంగతి తెలిసిందేగా, లాగ్‌లో కాలం వెనక్కి నడిచిన చోట్లు కూడా ఉన్నాయి. ఆ మూడో సైరన్ రోజు అదృష్టం కొద్దీ కరెంటు పోలేదు.

ప్యానెల్ ఏం చెప్పిందంటే, 23:34:40కి 1130, జోన్ 3, అంటే వీధి తలుపు. 23:35:31కి 1401, యూజర్ 2, అంటే నాన్న కీప్యాడ్ మీద కోడ్ కొట్టి నోరు మూయించాడు. 23:30:00 దగ్గర ఏమీ లేదు. ఆ లేకపోవడమే సాక్ష్యం. ప్లగిన్ పంపానన్న కమాండ్ ప్యానెల్ గుమ్మం దాకా రాలేదు, వచ్చి తిరస్కరిస్తే కనీసం ఒక లైను ఉండేది.

అప్పుడు మళ్ళీ మొదటి ఫైలుకి వచ్చి, అయిదింటి నుంచి కిందకి కాకుండా పైకి చదివా. 04:52:07, వార్నింగ్ కూడా కాదు, డీబగ్ లెవెల్లో ఒక లైను, ఎర్రర్ 104, కనెక్షన్ రీసెట్ బై పీర్. ఆ తర్వాత 5 సెకన్లకి మళ్ళీ ప్రయత్నం, ఎర్రర్ 111, కనెక్షన్ రెఫ్యూజ్డ్. 10 సెకన్లాగి మళ్ళీ, 20 ఆగి మళ్ళీ, 40, 80, 160, ప్రతిసారీ 111. ఆ తర్వాత 300 దగ్గర ఆగిపోయింది, ఇక అయిదేసి నిమిషాలకోసారి. లైన్లు లెక్కేస్తే 04:57:22 తర్వాత తర్వాతి ప్రయత్నం 05:02:22. మధ్యలో అయిదింటికి ఆటోమేషన్ వచ్చి డిసార్మ్ చెయ్యమంది, ప్లగిన్ చచ్చిపోయిన కనెక్షన్‌లో ఆ మాట వేసి "సెంట్" అని రాసేసుకుంది. 05:02:22కి మళ్ళీ 111. 05:07:22కి కనెక్టెడ్, స్టేటస్ డిసార్మ్డ్. మధ్యలో సైరన్ మోగి ఆగిపోయింది, మనవాడు నిద్రలేచేసరికి ఇల్లు ప్రశాంతం.

ఈ నంబర్ల మీద ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే నా చూపంతా కరెంటు మీద, రౌటర్ మీదే ఉండేది. ఆ పై మీద నడిచే లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలో 113 వస్తే ఆ మెషిన్‌కి దారే దొరకలేదని, 110 వస్తే కేకేసినా పలకలేదని. 111 అలా కాదు, మనిషి ఇంట్లోనే ఉన్నాడు, తలుపు మాత్రం తియ్యనన్నాడు. 104 అంటే మాట్లాడుతుండగా మధ్యలో మొహం మీదే తలుపేసాడు. అంటే కరెంటు ఉంది, కేబుల్ బావుంది, రౌటర్ బావుంది, ప్యానెల్ బతికే ఉండి కావాలనే రానివ్వట్లేదు. నాలుగు అంకెల్లో సగం అనుమానాలు పోయాయి. ఎవరికోసం రానివ్వట్లేదు? ఈ రకం ప్యానెల్ నెట్‌వర్క్‌లో ఒక్కసారికి ఒక్కరితోనే మాట్లాడుతుంది, కంపెనీ సొంత యాప్ వస్తే దానికే మొదటి పీట, ఉన్నవాణ్ణి లేపేసి మరీ వేస్తుంది. మరి పొద్దున 04:52కి ఎవరు వచ్చారు?

ఇది ఏ ఫైల్లోనూ లేదు. నాన్న క్యాలెండర్లో ఉంది. మొదటిసారి నేను తిన్న చీవాట్ల తర్వాత ఆయనే వంటింటి క్యాలెండర్ మీద, గ్యాస్ బండ తారీఖుల పక్కన, సైరన్ సంగతి రాయడం మొదలెట్టాడని నాకు తెలీదు. ఫోన్లో "నాలుగూ యాభై ప్రాంతంలో ఏం చేసావు నాన్నా" అని అడిగితే "ఉండు" అని అద్దాలు పెట్టుకుని చదివాడు. "4-50 లేచితిని. యాప్ చూచితిని. ఎరుపు. 5-04 తలుపు తీసితిని. సైరన్. కోడ్ కొట్టితిని." సైరన్ మోగని రోజులవి కూడా ఉన్నాయి, వాటిల్లో యాప్ చూసిన టైం అయిదు దాటాక. రిటైరై తొమ్మిదేళ్ళయినా చెయ్యి ఇంకా లాగ్ షీట్ భాషే రాస్తోంది.

ఆ యాప్ నాన్న ఫోన్లో వేసింది ఎవరనుకున్నారు. నేనే. సంక్రాంతికి వెళ్ళినప్పుడు, "తలుపు తీసేముందు ఇందులో చూడు నాన్నా, పచ్చగా ఉంటే తియ్యి" అని నేర్పించి మరీ వచ్చా. ఆయన చెప్పినట్టే చూసాడు, ఎర్రగా ఉంది, అయిదింటికి అదే పోతుంది కదా అని యాప్ అలాగే తెరిచి ఫోన్ బల్ల మీద పెట్టి మొహం కడుక్కోడానికి వెళ్ళాడు. ఆయన చూడటం వల్లే అది డిసార్మ్ కాలేదు. సైరన్ మోగాక నాకు ఫోన్ చెయ్యడానికి యాప్ మూసాడు, దాంతో సీటు ఖాళీ అయ్యింది, ప్లగిన్ వచ్చి కూర్చుంది. మూడు వారాలు ప్యానెల్‌నీ, రౌటర్‌నీ, కరెంటు వాళ్ళనీ తిట్టుకున్నా, సంక్రాంతికి ఏం మార్చానని మొదటి రోజే నన్ను నేను అడిగుంటే సరిపోయేది.

అయినా ప్లగిన్‌ని పూర్తిగా వదిలెయ్యను. ఊరికే ఇచ్చాడు కాబట్టి మర్యాదగానే రాసా ఆయనకి, మూడు విషయాలు. కనెక్షన్ తెగితే అది డీబగ్‌లో దాచుకునే రహస్యం కాదు, అలారం విషయంలో అది ఎర్రర్. తెగి ఉన్నంతసేపు పాత స్టేటస్ చూపించకూడదు, తెలీదు అని చూపించాలి. ప్యానెల్ ఒప్పుకున్నట్టు జవాబొచ్చే దాకా "సెంట్" అని రాయకూడదు. మొదటి రెండూ తర్వాతి వెర్షన్‌లో పెట్టాడు, మూడోదానికి టైం పడుతుందన్నాడు, సరే.

మా ఇంట్లో మార్చింది కొంచెమే. కంపెనీ యాప్ తీసేసి నాన్న ఫోన్లో హోమ్ అసిస్టెంట్ యాప్ పెట్టా, ఇక ప్యానెల్‌తో మాట్లాడేది ప్లగిన్ ఒక్కటే. ఆటోమేషన్ ఇప్పుడు డిసార్మ్ చెప్పి ఊరుకోదు, ప్యానెల్ నిజంగా డిసార్మ్డ్ అనే దాకా 20 సెకన్లు చూస్తుంది, అనకపోతే హాల్లో స్పీకర్ "ఇంకా ఆర్మ్‌లోనే ఉంది, తలుపు తియ్యొద్దు" అంటుంది. ఒకసారి కావాలనే కేబుల్ పీకించి అనిపించా కూడా. అమ్మ ఆ గొంతు విని "ఎవరు ఈవిడ, పొద్దున్నే ఆర్డర్లు వేస్తోంది" అంది.

నిన్న వీడియో కాల్‌లో క్యాలెండర్ చూపించమన్నా. ఈ నెల పేజీ నిండా అదే గుండ్రటి చేతిరాత, ప్రతి గడిలోనూ ఒకే లైను. "5-00 డిసార్మ్ అయినది, పచ్చ. పాలు 2." పందొమ్మిదో తారీఖు గడిలో మాత్రం "4-58 నేనే కోడ్ కొట్టితిని. ఆగలేక."